గెలిచినా ఎందుకు దిగులు? కాలేజీ ఫుట్‌బాల్ తొలి ఆట తర్వాత అభిమానుల మాటలను ఎలా అర్థం చేసుకోవాలి

ప్రశ్న: ఈ ఆగస్టులో అమెరికాలో ఎం.ఎస్.లో చేరాను. మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు దేశమంతా పేరుంది. సీజన్ తొలి ఆటలో ఒక చిన్న జట్టు మీద ఐదు పాయింట్ల తేడాతో గెలిచింది. సోమవారం ల్యాబులో అభినందనలు చెబితే అందరూ ఓడిపోయినట్టు ముఖాలు పెట్టారు. కోచ్ పనికిరాడని ఒకరు, క్వార్టర్‌బ్యాక్‌ను (దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాణ్ని) మార్చాలని ఇంకొకరు. వీళ్ల బాధలో న్యాయం ఉందా, లేక అతిగా స్పందిస్తున్నారా? వచ్చే శనివారం ఆటకు టికెట్ దొరికింది. ఏమి గమనించాలో కూడా చెప్పగలరా?

సమాధానం:

వాళ్ల బాధలో న్యాయం ఉంది. అయితే వాళ్లు మొన్నటి ఆట గురించే బాధపడుతున్నారని అనుకుంటే మాత్రం వాళ్ల మాటలు మీకు ఎప్పటికీ అర్థం కావు. తొలి ఆట తర్వాత అభిమాని నోట వచ్చే మాటల్లో సగానికి పైగా గత సీజన్లు ఎలా ముగిశాయన్న దాని గురించే. మీ జట్టు గడిచిన మూడు నాలుగేళ్లలో ఏ పెద్ద ఆటలో, ఏ కారణంగా చతికిలపడిందో కనుక్కోండి. ల్యాబులో ఒక్కొక్కరు ఏమి మాట్లాడుతున్నారో, ఎందుకు మాట్లాడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

నేను ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్‌లో చదువుకున్నాను. ఆ తర్వాత కూడా ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చేస్తూ అక్కడి సూనర్స్ జట్టును ఏళ్లుగా చూస్తున్నాను. మీరు ఐదు పాయింట్లు అనగానే నాకు 2021 సెప్టెంబరు 4 గుర్తుకొచ్చింది. మీ ప్రశ్నకు కావలసిన సమాధానమంతా ఆ ఒక్క ఆటలో, దాని తర్వాత జరిగిన పరిణామాల్లో ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అప్పటికి ఓక్లహోమా దేశంలో 2వ ర్యాంకు జట్టు. ప్రత్యర్థి న్యూ ఆర్లీన్స్‌కు చెందిన ట్యులేన్. నిజానికి ఆ ఆట ట్యులేన్ సొంత మైదానంలో జరగాలి. ఆగస్టు 29న ఇడా తుపాను లూసియానా తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ నగరమంతా కరెంటు పోయింది. ట్యులేన్ ఆటగాళ్లు ఊరు విడిచి అలబామాలోని బర్మింగ్‌హామ్‌కు వెళ్లి అక్కడే సాధన చేశారు. ఆటను నార్మన్‌కు మార్చారు. ఇలాంటి పరిస్థితుల్లో ఓక్లహోమా అవలీలగా గెలుస్తుందనే అందరూ అనుకున్నారు. విరామానికి స్కోరు 37-14. పిల్లలతో వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లిపోవచ్చా అని ఆలోచించే సమయం అది.

రెండో సగంలో ట్యులేన్ 21 పాయింట్లు చేసింది. ఓక్లహోమా చేసినవి 3. ఆట చివర్లో స్కోరు 40-35 అయినప్పుడు ట్యులేన్ ఆన్‌సైడ్ కిక్ కొట్టింది. అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించే బదులు, దగ్గర్లోనే పడేలా తన్ని తామే మళ్లీ అందుకోవాలని చూడడం. ఇది చాలా అరుదుగా ఫలిస్తుంది. ఆ రోజు ఫలించింది. బంతి ట్యులేన్ చేతికి వచ్చింది. ఇక ఒక్క టచ్‌డౌన్ చేస్తే, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చుకుంటే, దేశంలో 2వ ర్యాంకు జట్టు తన ఊళ్లో, తన జనం ముందు ఓడిపోతుంది. పది గజాలు ముందుకు వెళ్లడానికి జట్టుకు ఉండేవి నాలుగు ప్రయత్నాలే. నాలుగో ప్రయత్నంలో ట్యులేన్ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ ప్రాట్ పాసు వేసే దారి లేక బంతితో తానే పరుగు తీశాడు. కావలసిన గజాలకు కొంచెం ఇవతలే అతన్ని పడగొట్టారు. ఆట ముగిసింది.

బయటికి వస్తున్న జనంలో ఎవరి నోట విన్నా ఒకటే మాట: డిఫెన్స్ మళ్లీ అంతే. ఆ ‘మళ్లీ’ దగ్గర ఆగండి. ఓక్లహోమా 2015, 2017, 2018, 2019 సీజన్లలో, జాతీయ టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు చేరింది. నాలుగుసార్లూ సెమీఫైనల్లోనే ఇంటిదారి పట్టింది. క్లెమ్సన్ చేతిలో 37-17, జార్జియా చేతిలో రెండు అదనపు సమయాల తర్వాత 54-48, అలబామా చేతిలో 45-34, లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ) చేతిలో 63-28. ప్రత్యర్థి పాయింట్ల వరుస ఒకసారి చూడండి: 37, 54, 45, 63. ఇన్ని దెబ్బలు తిన్న అభిమానికి 2021 మీద గట్టి ఆశ పుట్టింది. ముందు సీజన్ చివర్లో జట్టు బాగా పుంజుకుంది, డిఫెన్స్ కుదురుకుంది, సీజన్ ముగింపులో జరిగే కాటన్ బౌల్ అనే ఆటలో ఫ్లోరిడాను 55-20తో ఓడించింది. ఈసారి పాత జబ్బు తగ్గిందని నమ్మి మైదానానికి వస్తే, తుపానుకు ఊరు వదిలి వచ్చిన జట్టు 35 పాయింట్లు కొట్టిపోయింది. అక్కడివాళ్లకు ఆ సాయంత్రం జార్జియా, ఎల్ఎస్‌యూ ఆటలు కళ్ల ముందు ఆడాయి. బయటి నుంచి వచ్చినవాళ్లకు అందులో గెలుపు తప్ప మరేమీ కనిపించదు. మీకు, మీ ల్యాబువాళ్లకు మధ్య తేడా అదే.

దీనికి తోడు ఈ ఆట నడిచే పద్ధతి కూడా అభిమానిని స్థిమితంగా ఉండనివ్వదు. నూటముప్పైకి పైగా పెద్ద జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు మామూలు సీజన్‌లో ఆడేది 12 ఆటలు. అందరూ అందరితో ఆడడం అసాధ్యం కాబట్టి, ఎవరు గొప్ప అన్నది చాలావరకు అభిప్రాయాల మీద తేలుతుంది. అసోసియేటెడ్ ప్రెస్ 1936 నుంచి పాత్రికేయుల ఓట్లతో ర్యాంకులు ఇస్తోంది. ప్లేఆఫ్‌కు ఎవరు వెళ్లాలన్నది 13 మంది సభ్యుల ఎంపిక సంఘం కూర్చొని తేలుస్తుంది. మనం ఐపీఎల్ చివరి వారంలో నెట్ రన్ రేట్ లెక్కలు వేసుకుంటాం కదా, ఇక్కడ అభిమాని అలాంటి లెక్క మొదటి ఆట నుంచే మొదలుపెడతాడు. పైగా దానికి సూత్రం లేదు, ఉన్నది చూసేవాళ్ల మనసులో పడే ముద్ర ఒక్కటే.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2004లో ఆబర్న్ జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండా 13-0తో సీజన్ ముగించింది. అయినా జాతీయ టైటిల్ ఆటలో దానికి చోటు దక్కలేదు. సీజన్ మొదలు కాకముందే 1, 2 ర్యాంకుల్లో ఉన్న సదరన్ కాలిఫోర్నియా, ఓక్లహోమా కూడా ఓడలేదు కాబట్టి ఆ రెండే ఆడాయి. ఆబర్న్ పదిహేడో ర్యాంకు నుంచి ఎంత ఎక్కి వచ్చినా మూడో స్థానం దగ్గరే ఆగిపోయింది. ఆ గాయం ఆబర్న్ వాళ్లకు ఈనాటికీ మానలేదు.

ఓక్లహోమా విషయంలో కూడా జనం భయపడ్డట్టే జరిగింది. ట్యులేన్‌ను ఓడించాక 2వ ర్యాంకు నుంచి 4కు దిగింది. తర్వాత నెబ్రాస్కా మీద 23-16, వెస్ట్ వర్జీనియా మీద 16-13, కాన్సాస్ స్టేట్ మీద 37-31. అన్నీ గెలుపులే, అన్నీ చెమటలు పట్టించినవే. నవంబరు మొదట్లో ప్లేఆఫ్ సంఘం తొలి జాబితా విడుదల చేసినప్పుడు ఓక్లహోమా 9-0. ఒక్క ఓటమీ లేదు. ఇచ్చిన స్థానం 8. ‘గెలుపు గెలుపే కదా’ అన్నట్టు మీరు అభినందనలు చెప్పినప్పుడు మీ ల్యాబులో ఎవరూ తలాడించకపోవడానికి కారణం ఇదే. ఈ ఆటలో అన్ని గెలుపులనూ ఒకే గాటన కట్టరు.

ఇంతవరకు అభిమానుల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు వాళ్లు గురి తప్పే చోటుకు వస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే.

ట్యులేన్ ఆటలో కలవరపెట్టింది డిఫెన్స్. కానీ మూడు వారాలు తిరిగేసరికి నింద మొత్తం క్వార్టర్‌బ్యాక్ స్పెన్సర్ రాట్లర్ మీద పడింది. ఆ సీజన్‌కు ముందు, దేశంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీకి అందరూ ముందుగా చెప్పిన పేరు అతనిదే. ట్యులేన్ మీద 300 గజాలకు పైగా పాసులు వేశాడు, రెండు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కడం) ఇచ్చాడు. గొప్ప ఆట కాదు, ఘోరమైన ఆటా కాదు. సెప్టెంబరు 25న వెస్ట్ వర్జీనియాతో రాత్రి ఆట. ఎటాక్ కదలడం లేదు. రాట్లర్ ఒక ఇంటర్‌సెప్షన్ ఇచ్చాక విద్యార్థులు కూర్చునే వైపు నుంచి కేక మొదలైంది. ‘మాకు కేలబ్ కావాలి’ అని. కేలబ్ విలియమ్స్ అప్పుడు బెంచి మీద కూర్చున్న మొదటి ఏడాది కుర్రాడు. ఒక మూల మొదలైన కేక పక్క వరుసలకు, అక్కడి నుంచి పై అంతస్తుకు పాకింది. రాట్లర్ హెల్మెట్ తీసి పక్కగీత దగ్గర నిలబడి ఉన్నాడు. మరో మూడు రోజులకు అతనికి 21 ఏళ్లు నిండుతాయి. తన తరగతుల్లో కూర్చునే పిల్లలే, తన ఊరి మైదానంలోనే, ఇంకొకడి పేరు పెట్టి అరుస్తున్నారు. నేను అక్కడే ఉన్నాను. గొంతు కలపలేదు, కలపాలని అనిపించలేదు. ఆ రాత్రి చివరి దాడిని నడిపించి గెలుపు గోల్ కిక్ దాకా జట్టును తీసుకెళ్లింది రాట్లరే.

రెండు వారాల తర్వాత డాలస్‌లో టెక్సస్‌తో ఆట. ఏటా కాటన్ బౌల్ స్టేడియంలో జరిగే ఈ ఆటకు నార్మన్ ఊరంతా ఐ-35 రహదారి పట్టుకొని దక్షిణానికి తరలివెళుతుంది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో ఉండే తెలుగు కుటుంబాల్లో కూడా ఆ రోజు రెండు పక్షాలు తయారవుతాయి. మొదటి పావు ముగిసేసరికి ఓక్లహోమా 28-7తో వెనకబడింది. రాట్లర్‌ను తప్పించి కేలబ్ విలియమ్స్‌ను దించారు. ఓక్లహోమా 55-48తో గెలిచింది. కేక వేసినవాళ్లంతా ‘మేము చెప్పలేదా’ అన్నారు. విలియమ్స్ అసాధారణమైన ఆటగాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ స్కోరులో రెండో సంఖ్య 48. అసలు జబ్బు ఎక్కడున్నదో అదే చెబుతోంది. క్వార్టర్‌బ్యాక్ మారాడు, ఆందోళనకు కారణం మారలేదు. నవంబరులో బేలర్ చేతిలో 27-14తో, మామూలు సీజన్ చివరి ఆటలో ఓక్లహోమా స్టేట్ చేతిలో 37-33తో ఓడారు. ఆ మర్నాడే కోచ్ లింకన్ రైలీ సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లిపోయాడు. రెండు నెలలు దాటాక విలియమ్స్ కూడా అతని వెంటే వెళ్లాడు. రాట్లర్ సౌత్ కరోలైనాకు మారి, 2022 నవంబరులో టెనెసీని 63-38తో, వారం తిరగకుండా క్లెమ్సన్‌ను 31-30తో ఓడించాడు.

ఇక ట్యులేన్ సంగతి. 2021లో వాళ్లు 2-10తో, అంటే రెండు గెలుపులు, పది ఓటములతో ముగించారు. దాంతో ‘అలాంటి జట్టు మీదా మనం తడబడింది’ అని నార్మన్‌లో ఇంకా చిన్నబుచ్చుకున్నారు. మరుసటి ఏడాది అదే కోచ్ విల్లీ ఫ్రిట్జ్, అదే మైకేల్ ప్రాట్. 12-2. ఆ సీజన్ చివరి ఆట 2023 జనవరి 2న కాటన్ బౌల్. ఎదురుగా రైలీ కోచ్‌గా, హైస్మన్ గెలిచిన కేలబ్ విలియమ్స్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న సదరన్ కాలిఫోర్నియా. నాలుగున్నర నిమిషాలు మిగిలి ఉండగా 45-30తో వెనకబడిన ట్యులేన్, ఇంకా 9 సెకన్లు ఉందనగా టచ్‌డౌన్ కొట్టి 46-45తో గెలిచింది. తొలి ఆటలో మీ జట్టును ముప్పుతిప్పలు పెట్టిన చిన్న జట్టు నిజంగా చిన్నదేనా అన్నది ఆ రోజే తేలదు. ఒక్కోసారి ఆ సీజన్ ముగిసినా తేలదు. మీ ప్రత్యర్థి జట్టులో అనుభవం ఉన్న క్వార్టర్‌బ్యాక్, మూడు నాలుగేళ్లుగా కలిసి ఆడిన లైన్ ఉన్నాయేమో ఒకసారి చూడండి. పెద్ద జట్ల నుంచి ఆటగాళ్లు ఏటా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లిపోతుంటారు. చిన్న జట్లలో కొన్ని చోట్ల ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు వరుసగా ఏళ్ల తరబడి కలిసి ఆడి ఉంటారు. ఆగస్టు చివర్లో ఆ తేడా బాగా కనిపిస్తుంది.

ఆగస్టు చివర అన్నాను కాబట్టి ఇంకో మాట. ఎన్ఎఫ్ఎల్ జట్లకు సీజన్‌కు ముందు మూడు సన్నాహక ఆటలు ఉంటాయి. కాలేజీ జట్లకు అవి లేవు. తమలో తాము ఆడుకోవడం తప్ప, బయటివాళ్లతో ఢీకొనేది మొదటిసారి లెక్కలోకి వచ్చే ఆటలోనే. దాని మీద, రెండో వారంలో గట్టి ప్రత్యర్థి ఉంటే కోచ్‌లు తమ అసలు ఎత్తులను దాచుకుంటారు. నాలుగైదు తేలికైన పథకాలతోనే ఆట నడిపించేస్తారు. అవి పారకపోతే స్కోరు దగ్గరపడుతుంది. దాన్ని చూసి కోచ్‌కు ఆలోచన లేదనడం తొందరపాటు.

అభిమానుల భయం పూర్తిగా తలకిందులైన సందర్భం ఒకటి చెప్పాలి. 2014లో ఒహాయో స్టేట్. ముందు ఏడాది 12-0తో ఉండి, తన ప్రాంతపు జట్ల కూటమి అయిన బిగ్ టెన్ టైటిల్ ఆటలో మిషిగన్ స్టేట్ చేతిలో 34-24తో, ఆరెంజ్ బౌల్‌లో క్లెమ్సన్ చేతిలో 40-35తో ఓడింది. డిఫెన్స్ పేరు చెబితేనే ఆ జట్టు ఊరు కొలంబస్‌లో నిట్టూర్పులు వినిపించేవి. 2014 సీజన్ మొదలయ్యే ముందే క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం గాయంతో మొత్తం సీజన్‌కు దూరమయ్యాడు. ఆగస్టు 30న బాల్టిమోర్‌లో నేవీతో తొలి ఆట. విరామానికి నేవీ 7-6తో ముందుంది. చివరికి ఒహాయో స్టేట్ 34-17తో గెలిచింది గానీ, నేవీ 370 గజాలు పరుగెత్తింది. మరుసటి వారం సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో 35-21 ఓటమి. కొత్త క్వార్టర్‌బ్యాక్ జె.టి. బారెట్‌ను ఏడుసార్లు పట్టి పడేశారు. ఇక ఈ ఏడాదికి అయిపోయిందని తేల్చేశారు.

ఆ 370 గజాలను జనం తప్పుగా చదివారు. నేవీ ఆడేది ట్రిపుల్ ఆప్షన్. క్వార్టర్‌బ్యాక్ బంతిని మధ్యలో దూసుకెళ్లేవాడికి ఇవ్వవచ్చు, తానే ఉంచుకొని పరుగెత్తవచ్చు, పక్కన వచ్చేవాడికి చివరి క్షణంలో విసరవచ్చు. ఎదుటి డిఫెండర్ ఎటు కదిలాడో చూసి మూడింటిలో ఒకటి ఎంచుకుంటాడు. ఈ పద్ధతిని ఏడాదికి ఒక్కసారి కూడా ఎదుర్కోని జట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఆటలో ఇచ్చిన గజాలతో మిగతా పదకొండు ఆటల్లో డిఫెన్స్ ఎలా ఉంటుందో చెప్పలేం. డిసెంబరులో బిగ్ టెన్ టైటిల్ ఆట వచ్చింది. విస్కాన్సిన్ వైపు మెల్విన్ గోర్డన్, ఆ ఏడాది దేశంలో అందరికంటే ఎక్కువ గజాలు పరుగెత్తినవాడు. అతన్ని 76 గజాలకు కట్టేశారు. స్కోరు 59-0. అప్పటికి బారెట్ కూడా చీలమండ విరిగి బయట ఉన్నాడు. మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌కు అదే మొదటి పూర్తి బాధ్యత. అక్కడి నుంచి అలబామాను 42-35తో, ఒరెగన్‌ను 42-20తో ఓడించి జాతీయ చాంపియన్లయ్యారు. ఎజెకీల్ ఎలియట్ ఆ చివరి మూడు ఆటల్లో 220, 230, 246 గజాలు పరుగెత్తాడు. వర్జీనియా టెక్ ముందు తేలిపోయిన ఆఫెన్సివ్ లైనే మూడు నెలల్లో అతనికి ఆ దారులు తెరిచింది. తొలి ఆటల్లో అన్నిటికంటే ఎక్కువ మారే అవకాశం ఉన్నది ఈ ఐదుగురి వరుసే. వేగం పుట్టుకతో వస్తుంది, పక్కవాడి అడుగును బట్టి అడుగు వేయడం మాత్రం కలిసి ఆడితేనే వస్తుంది.

2024లో ఒరెగన్‌కు కూడా ఇలాగే జరిగింది. 3వ ర్యాంకుతో మొదలుపెట్టి, ఒక మెట్టు కింద ఆడే ఐడహో మీద 24-14తో గెలిచింది. డిల్లన్ గేబ్రియల్ 49 పాసుల్లో 41 పూర్తి చేశాడు, 380 గజాలు. అయినా ర్యాంకు 7కు పడిపోయింది. ఒరెగన్ జట్టు ఊరు యూజీన్‌లో మళ్లీ పాత పాటే. అంతకుముందు ఏడాది వాషింగ్టన్ చేతిలో రెండుసార్లూ మూడేసి పాయింట్లతో ఓడినవాళ్లు కదా, దగ్గరి స్కోరు కనిపిస్తే చాలు గుండె జారిపోతుంది. ఆ జట్టు బిగ్ టెన్ టైటిల్‌తో సహా 13-0కు వెళ్లింది, రోజ్ బౌల్‌లో ఒహాయో స్టేట్ చేతిలో ఓడేవరకు అజేయంగా ఉంది.

ఒక ముఖ్యమైన మార్పు మీ ల్యాబువాళ్లు ఇంకా పూర్తిగా ఒంటబట్టించుకోలేదేమో. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు. ఆ ఏడాది సెప్టెంబరు 7న నోటర్ డామ్, 14 లక్షల డాలర్లు ఇచ్చి పిలిపించుకున్న నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో సొంత మైదానంలోనే 16-14తో ఓడిపోయింది. నాలుగు జట్ల కాలంలో అయితే అలాంటి ఓటమితో దాదాపు తలుపులు మూసుకుపోయేవి. నోటర్ డామ్ ఆ తర్వాత వరుసగా 13 ఆటలు గెలిచి జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ దాన్ని ఓడించిన ఒహాయో స్టేట్ కూడా సీజన్‌లో రెండు ఆటలు ఓడి, ఎనిమిదో సీడ్‌గా వచ్చిన జట్టే. కాబట్టి ‘ఇలా గెలిస్తే ర్యాంకు పోతుంది, ర్యాంకు పోతే అంతా పోయినట్టే’ అన్న పాత భయానికి ఇప్పుడు అంత బలం లేదు. ముప్పై ఏళ్లు ఒక పద్ధతిలో భయపడినవాళ్లు ఒకటి రెండేళ్లలో మారరు. వాళ్లను తప్పుపట్టకండి, ఈ రెండు జట్ల సంగతి మాత్రం గుర్తుచేయండి.

క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాలన్న మాట గురించి సూటిగా చెబుతాను. ఒక్క ఆట చూసి ఆ మాట అనకూడదు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి మొదటిసారి కాలేజీ మారితే ఒక సీజన్ ఖాళీగా కూర్చోవలసిన అవసరమూ లేదు. దాంతో కొందరు అభిమానుల్లో ‘డబ్బు తీసుకుంటున్నాడు కదా, అరిస్తే తప్పేముంది’ అన్న ధోరణి పెరిగింది. నాకది నచ్చదు. ఎంత సంపాదించినా అతను మీ ల్యాబు పక్క తరగతిలో పరీక్ష రాసే కుర్రాడే. ఆట పరంగా చూసినా నష్టమే. బెంచి మీద ఉన్నవాడి పేరు స్టేడియమంతా అరిస్తే, ఆడుతున్నవాడు ప్రతి పాసుకూ ఒక క్షణం ఎక్కువ ఆలోచిస్తాడు. ఆ క్షణంలోనే అతన్ని పట్టేస్తారు.

ఇక శనివారం ఏమి గమనించాలి. బంతి మీద నుంచి కళ్లు తిప్పుకోవడం మొదట కష్టంగా ఉంటుంది గానీ, కనీసం ఒక పావు సేపు బంతి విసిరేవాడి ముందు నిలబడే ఐదుగురినే చూడండి. ప్రతిసారీ బంతి కదిలిన క్షణంలో ఐదుగురూ కలిసి కదులుతున్నారా, లేక ఒకడు ముందు, ఒకడు వెనక అవుతున్నాడా? మూడో ప్రయత్నంలో ఒకటి రెండు గజాలే కావలసినప్పుడు ఎదుటివాళ్లను వెనక్కి నెట్టగలుగుతున్నారా? మొన్న అది చేతకాకపోయి ఈసారి చేతనైతే మీ జట్టు బాగుపడుతోంది, స్కోరు ఎంతైనా సరే. డిఫెన్స్ వైపు, బంతి ఉన్నవాణ్ని మొదట తాకినవాడే పడగొడుతున్నాడా, లేక అతను తప్పించుకొని ఇంకో ఐదు గజాలు లాగుతున్నాడా అన్నది చూడండి. మొదటి వారంలో ఈ తప్పులు మామూలే, ఎందుకంటే సాధనలో గాయాల భయంతో ఒకరినొకరు పూర్తిగా పడగొట్టుకోరు. మూడో వారంలో కూడా అవే కనిపిస్తే అప్పుడు మీ ల్యాబువాళ్లతో కలిసి మీరూ దిగులుపడవచ్చు.

బంతి కదలకముందే తాము కదిలి ఐదు గజాల శిక్షలు తెచ్చుకుంటున్నారేమో లెక్కపెట్టండి. అది కోచింగ్ సిబ్బంది క్రమశిక్షణకు సంబంధించినది. కోచ్ మీద ఫిర్యాదు చేయాలనుకునేవాళ్లకు స్కోరు కంటే ఇదే సరైన ఆధారం. అదే విధంగా, నేలమీద పడిన బంతి ఎవరి చేతికి చిక్కిందన్నదాన్ని ఎక్కువ పట్టించుకోకండి. అది చాలావరకు అదృష్టం. మొన్నటి ఐదు పాయింట్ల తేడాలో అలాంటివి ఒకటి రెండు ఉంటే, నిజానికి ఆట మీరు అనుకున్నంత దగ్గరగా జరిగి ఉండకపోవచ్చు.

ఆటకు గంటన్నర ముందే వెళ్లండి. విద్యార్థుల వైపు సీట్లకు చాలా చోట్ల నంబర్లు ఉండవు, ముందు వచ్చినవాళ్లదే చోటు. ఎండ గట్టిగా ఉంటుంది, నీళ్లు, టోపీ మరచిపోవద్దు. వెనక వరుసల్లో చదువు ముగించుకొని ముప్పై, నలభై ఏళ్లయిన పాత విద్యార్థులు ఎవరైనా కనిపిస్తే విరామంలో పలకరించండి. ఈ జట్టు చేతిలోకి వచ్చిన ఏ ఆటను ఎలా పోగొట్టుకుందో అడగండి. తేదీతో సహా చెబుతారు. సోమవారం ల్యాబులో ఎవరు దేని గురించి బాధపడుతున్నారో అప్పుడు మీకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.